పెన్సిలుతో రాసిన ఇరవై ఎనిమిది

(చింతామణిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మేడమీద హాలులో, పిల్లల వైద్యులు డాక్టర్ వెంకటరాయప్పగారి పదవీ విరమణ సభలో, ఆ ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్ పురుషోత్తం చేసిన ప్రసంగం)

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మా ట్రస్టు పెద్దలు బయ్యప్పగారికి, ఈనాటి సన్మానగ్రహీత డాక్టర్ వెంకటరాయప్పగారికి, ఆయన పక్కన కూర్చున్న వారి సతీమణిగారికి, ఇన్నేళ్ళుగా ఈ మెట్లు ఎక్కి దిగి మోకాళ్ళు అరగదీసుకున్న మా నర్సులకు, ఆయాలకు, గేటు దగ్గర కుర్చీ వదలి ఈ రోజు మాత్రమే పైకి వచ్చిన పిళ్ళప్పన్నకు, బాగేపల్లి, గూళూరు, పాతపాళ్య వైపు నుంచి బస్సులు మారి వచ్చిన తల్లిదండ్రులకు, వాళ్ళ ఒళ్ళలో నిద్రపోతున్న పిల్లలకు నా నమస్కారాలు. పేర్లన్నీ కాగితం మీద వరుసగా రాసుకొని వచ్చాను. ఎవరినైనా వదిలి ఉంటే అది నా తప్పు, కాగితానిది కాదు.

అధ్యక్షులవారు నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. "పురుషోత్తం, నీకు మైకు ఇస్తే పట్టీ చదవను మొదలుపెడతావు, ఐదు నిమిషాల్లో ముగించప్పా" అని మెట్ల దగ్గరే హెచ్చరించారు. (నవ్వులు) జాబితాలు రాసే జబ్బు నాకున్న మాట నిజమే. పీయూసీ, అంటే ఇంటరు, తప్పిన తరువాత ఈ ఆసుపత్రిలో సీసాలు కడిగే పనికి చేరి, చూసి చూసి, రాసుకొని రాసుకొని పరీక్షలు చేయడం నేర్చుకున్నవాణ్ణి. చదువు ఉన్నవాడికి జ్ఞాపకం ఉంటుంది, లేనివాడికి కాగితం కావాలి. అయితే ఈ రోజు ఐదు నిమిషాలు చాలవు, అధ్యక్షులవారు మన్నించాలి.

ముందుగానే ఒక మాట చెప్పేస్తాను. నేను పొగడడానికి మాత్రమే ఇక్కడ నిలబడలేదు. నా జేబులో రెండు పుటల కాగితం ఉంది. దాని మీద డాక్టరుగారి సంతకం కావాలి. ఈ సాయంత్రంతో ఆయన ఉద్యోగం ముగుస్తుంది. రేపటి నుంచి ఈ ఆసుపత్రి పాత ఫైళ్ళలో ఒక్క అక్షరం సవరించే అధికారం ఆయనకు ఉండదు. ఆ సంతకం పడకపోతే, మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్న మా నేత్ర, కన్నబిడ్డకు తన చేత్తో మాత్ర వేసే హక్కు లేకుండానే గూళూరు బస్సు ఎక్కుతుంది. ఈ మాట పొగడ్తల చివర చెబుదామని రాసుకొని వచ్చాను. చివరికి నాకు ధైర్యం మిగలదని తెలిసి ముందుకు జరుపుకున్నాను.

(హాలులో గుసగుసలు)

నేత్ర ఎవరంటే మా అక్క కూతురు. మా తమ్ముడు అమరేష్ భార్య. అంటే మేనమామను చేసుకున్న పిల్ల. మన వైపు ఇది వింత కాదు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు, చూస్తున్నాను. నేత్ర పక్కన కూర్చున్న ముసలావిడ మునివెంకటమ్మ, మా అమ్మ. నేత్రకు అమ్మమ్మా ఆమే, అత్తా ఆమే. ఇందాక డాక్టరుగారికి పూలగుత్తి అందించిన చిన్నపిల్ల వినుత, నేత్ర కూతురు. "డాక్టరుగారు మృత్యువు నోటి నుంచి లాగిన బిడ్డ" అని అధ్యక్షులవారు పరిచయం చేస్తే మీరందరూ చప్పట్లు కొట్టింది ఆ బిడ్డను చూసే.

సన్మాన పత్రం కూడా చదివారు. అందులో ఆరో వాక్యం: "లక్షల్లో ఒకరికి వచ్చే అడ్రినల్ గ్రంథి వ్యాధిని ఒక పల్లె బిడ్డలో కనుగొని, బెంగళూరు వైద్య సదస్సులో ప్రశంస పొందారు." వాక్యం చక్కగా ఉంది. ఆ వ్యాధి ఏమిటో హాలులో ఎవరికీ చెప్పలేదు. నేను చెబుతాను, ఎందుకంటే అది తెలియకుండా నా కాగితం మీకు అర్థం కాదు.

మన మూత్రపిండాల నెత్తిన ఒక్కొక్కటిగా రెండు చిన్న గ్రంథులు కూర్చుని ఉంటాయి. అవే అడ్రినల్ గ్రంథులు. అవి తయారు చేసే కార్టిసాల్ అనే హార్మోను, మనం పస్తు ఉన్నప్పుడూ జ్వరం వచ్చినప్పుడూ రక్తంలో చక్కెర పడిపోకుండా పట్టి నిలుపుతుంది. ఎప్పుడు ఎంత తయారు చేయాలో ఆ గ్రంథికి తనంతట తెలియదు. మెదడు కింద వేలాడే పీయూష గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే కబురు రక్తంలో బయలుదేరి వస్తుంది. అడ్రినల్ కణం పైపొర మీద ఆ కబురును అందుకునే గ్రాహకం ఒకటి ఉంటుంది. డాక్టర్లు రిసెప్టర్ అంటారు. కబురు తగిలిన క్షణం కణం లోపల పని మొదలవుతుంది, కొలెస్టరాల్ లోపలి గదుల్లోకి చేరుతుంది, అది మెట్టు మెట్టుగా మారి కార్టిసాల్ అవుతుంది. చాలినంత అయ్యాక ఆ సంగతి మళ్ళీ తలకు తెలుస్తుంది, కబురు తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో ఈ పిలుపు, పలుకు రోజంతా నడుస్తూనే ఉంటాయి.

మా తమ్ముడు తన బోరుకు సెల్‌ఫోన్ స్టార్టరు పెట్టించాడు. గూళూరులో ఇంటి దగ్గర కూర్చుని ఫోను చేస్తే, పొలంలో పెట్టె లోపలున్న సిమ్ము పిలుపు అందుకొని మోటరు తిప్పుతుంది. బోరులో నీళ్ళున్నాయి, మోటరు బాగుంది, కరెంటు ఉంది, మన తాలూకాలో ఈ మూడూ ఒకే రోజు కుదరడం అరుదనుకోండి, (నవ్వులు) కుదిరాయి, కానీ సిమ్ము చచ్చిపోయింది. అప్పుడేమవుతుంది? మోటరు తిరగదు. రైతు మళ్ళీ చేస్తాడు, మళ్ళీ చేస్తాడు, వందసార్లు చేస్తాడు. వినుత ఒంట్లో ఉన్నది ఇదే. గ్రంథి ఉంది. దాని గ్రాహకం పుట్టుకతోనే చెవిటిది. తల నుంచి కబురు హోరుమని వస్తూనే ఉంటుంది, కార్టిసాల్ బొట్టు కూడా రాదు. మామూలు రోజుల్లో బిడ్డ ఆడుకుంటుంది. ఒక్క పూట తిండి తప్పినా, చిన్న జ్వరం తగిలినా, చక్కెర దబ్బున పడిపోతుంది, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోతుంది.

ఇంకో సంగతి. మన చర్మంలో రంగు తయారుచేసే కణాల మీద, దాదాపు ఆ గ్రాహకానికి చెల్లెలి లాంటిది ఒకటి ఉంది. అవసరానికి మించిన కబురు దానికీ తగులుతుంది. అది రంగు తయారు చేస్తూ పోతుంది. అందుకే ఈ పిల్లలు పుట్టిన రంగులో ఉండరు. వేళ్ళ కణుపులు, చిగుళ్ళు, పాత గాయపు మచ్చలు నల్లబడతాయి. మరి అదే గ్రంథి ఉప్పును కాపాడే హార్మోను కూడా తయారు చేస్తుంది కదా, అదెందుకు చెడలేదు అని అడగవచ్చు. దానికి పిలుపు వేరు, అందుకునే గ్రాహకం వేరు. అందువల్ల ఈ పిల్లల రక్తంలో ఉప్పు సరిగ్గా ఉంటుంది, పరీక్ష చేసేవాడు మోసపోతాడు. మోసపోయినవాడిగా చెబుతున్నాను.

ఈ చెవిటితనం తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు రెండూ వస్తేనే బయటపడుతుంది. బయటి సంబంధం చేసుకుంటే ఆ రెండు పాళ్ళు కలిసే అవకాశం తక్కువ. మేము బయటికి పోలేదు. నేత్ర పెళ్ళికి ముందు, ఆ సంబంధం ఎందుకు మంచిదో ఎనిమిది కారణాలు రాసి మా అక్క చేతికి ఇచ్చింది నేను. పిల్ల మన కళ్ళ ముందు పెరిగింది, గుణం తెలుసు, అక్క ఊరు పాతపాళ్యకూ మా గూళూరుకూ రాకపోకలు పోవు, ఇలా. ఎనిమిదింటికీ ఎదురుగా గీత కొట్టి సరిచూశాను. తొమ్మిదోది నాకు తెలియదు.



వినుత కంటే ముందు నేత్రకు ఇద్దరు కొడుకులు పుట్టారు. చంద్రు, మంజునాథ. ఇద్దరూ లేరు.

చంద్రుకు పద్నాలుగు నెలలప్పుడు, రెండు వేల పదిహేను నవంబరులో, జ్వరంతో, ఫిట్స్‌తో ఇక్కడికి తెచ్చారు. బాగేపల్లిలో ఆగకుండా ఇంత దూరం తెచ్చింది, ఇక్కడ మామ ఉన్నాడు కదా అన్న ధైర్యంతో. హేమావతి సిస్టర్ ఇక్కడే ఉన్నారు. డ్రిప్ పెట్టకముందు రక్తం తీసింది ఆమే. ఆ రక్తంలో చక్కెర ఇరవై ఎనిమిది, డెబ్భైకి తగ్గకూడనిది. నేను పైకి ఫోను చేశాను. డాక్టరుగారు ఏమన్నారో ఆయనకు గుర్తుండకపోవచ్చు. అలాంటి మాటలు అన్నవాళ్ళకు గుర్తుండవు. "ఇరవై ఎనిమిదా? ఏమప్పా, సూది బిడ్డకు గుచ్చినావా, గోడకు గుచ్చినావా? రక్తం బల్ల మీద పెట్టి టీకి పోయింటావు. ఇంకోసారి చెయ్యి" అన్నారు.

రక్తాన్ని ఊరికే నిలవ పెడితే అందులో కణాలే చక్కెరను తినేస్తాయి, అంకె తగ్గుతుంది. అది నిజం. నేను టీకి పోలేదు. అదీ నిజమే. కానీ చదువు లేనివాణ్ణి ఎవరైనా గట్టిగా అడిగితే, తాను పోలేదన్న సంగతి అతనికే అనుమానం వస్తుంది. రెండోసారి రక్తం తీసేసరికి గ్లూకోజు డ్రిప్ అరగంటగా ఎక్కుతోంది. తొంభై నాలుగు వచ్చింది.

మా ల్యాబులో ఒక ఆచారం ఉంది, నేను చేరకముందు నుంచీ ఉంది. డాక్టరు నమ్మిన అంకె రిజిస్టరులో సిరాతో రాస్తాము. నమ్మని అంకె చిత్తు పుస్తకంలో పెన్సిలుతో రాస్తాము. తొంభై నాలుగు సిరాలోకి పోయింది. ఇరవై ఎనిమిది పెన్సిలులో మిగిలింది.

మరుసటి పొద్దున డ్రిప్ తీశారు. మధ్యాహ్నానికి చంద్రు పోయాడు. మరణ కారణం కాగితంలో డాక్టరుగారు రాసింది: "పడుకోబెట్టి పాలు పట్టినందున పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి." తొంభై నాలుగు చూసినవాడు అంతకంటే ఏమి రాస్తాడు? కానీ ఆ ఒక్క వాక్యం నేత్ర నెత్తిన పడింది. దాన్ని మా ఇంట్లో అందరికీ చదివి వినిపించింది కూడా నేనే, ఎందుకంటే ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

మూడేళ్ళు తిరగకముందే మంజునాథ విషయంలోనూ అదే జరిగింది. ముప్పై ఒకటి పెన్సిలులో, నూట రెండు సిరాలో. ఈసారి కాగితం మీద "ఫిట్స్, ఆహారం సరిగా అందలేదు" అని వచ్చింది. అప్పటికే బిడ్డ రంగు మారుతోంది. మా వీధిలో ఆడవాళ్ళు నేత్రను నిలబెట్టి, "ఏమే, బిడ్డను ఎండలో ఆరబెడతాండావా? నీళ్ళు పోసేది మానేసినావా?" అని నవ్వేవాళ్ళు. మా అమ్మ ఏమందో కూడా చెబుతాను, ఆమె ఎదురుగానే ఉంది, దాచడం దేనికి? "తిండి పెట్టకుండా ఇద్దర్ని మింగితివి" అంది.

ఇక వినుత. ఏడాది నిండిన కొత్తలో బిడ్డ చేతి వేళ్ళ కణుపులు నల్లగా ఉండడం చూశాను. జ్వరం వస్తే నేనే తెచ్చాను, నేనే పరీక్ష చేశాను. ఇరవై ఆరు. ఎవరికీ ఫోను చేయలేదు, సిరాతో రాశాను. జ్వరం దిగేదాకా గ్లూకోజు డ్రిప్ నడిచింది, బిడ్డ తేరుకుంది. తరువాత చిత్తు పుస్తకం తీసి మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి రాసి చూస్తే, బుద్ధున్నవాడికి ఎవరికైనా తెలిసేది నాకప్పటికి తెలిసింది. బెంగళూరు ఎవెన్యూ రోడ్డులో ఎవరో వైద్య విద్యార్థి అమ్ముకున్న పాత పుస్తకం కొని, డిక్షనరీ పక్కన పెట్టుకొని, గ్రంథుల అధ్యాయం నలభై రోజులు చదివాను. బిడ్డ రక్తం మంచులో పెట్టి బెంగళూరుకు పంపాను. కార్టిసాల్ ఏమో యంత్రం చదవగలిగిన కనీసం కంటే తక్కువ. ఏసీటీహెచ్ ఏమో యంత్రం చదవగలిగిన గరిష్ఠం కంటే ఎక్కువ. ఆ రెండూ పక్కపక్కన చూసినప్పుడు, గొంతు చించుకుని పిలిచేవాడూ వినపడనివాడూ నాకు కనబడ్డారు.

న్యాయంగా చెప్పాలి. ఆ రిపోర్టు తీసుకెళ్ళి ఇచ్చినప్పుడు డాక్టరుగారు ఒక్క నిమిషం చూశారు. కుర్చీలోంచి లేచారు. గంటలోపు హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టారు. ఆ గంటకు నేను జీవితాంతం ఋణపడి ఉంటాను. ఆ తరువాత సదస్సులో తెర మీద వేసే బొమ్మలు, పట్టికలు నన్ను తయారు చేయమన్నారు, చేశాను. చివరి బొమ్మలో కృతజ్ఞతల కింద "ల్యాబ్ సిబ్బంది" అని ఉంది. ఆ రెండు మాటలు టైపు చేసింది కూడా నేనే. (నవ్వులు) నవ్వండి, నాకేమీ బాధ లేదు. ఉంటే ఇన్నేళ్ళకు అలవాటైంది.

పేరు కోసం అయితే ఈ మైకు దగ్గరికి వచ్చేవాణ్ణి కాదు. వినుత ఇప్పుడు రోజుకు మూడుసార్లు మాత్ర వేసుకుంటుంది. పొద్దున ఏడు, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం ఐదు. గ్రంథి తయారు చేయనిదాన్ని మనం బయటి నుంచి పోస్తున్నాము, అంతే. జ్వరం వస్తే డాక్టరు రాసిచ్చిన లెక్కన మోతాదు వెంటనే పెంచాలి. ఆలస్యం చేయకూడదు. ఆ మాత్రల డబ్బీ మా అమ్మ నడుముకు కట్టుకునే వక్కాకు తిత్తిలో ఉంటుంది. నేత్ర దగ్గర ఉండదు. "ఇద్దర్ని పోగొట్టినదాని చేతికి మూడోదాన్ని ఎట్లిస్తారా? కాగితంలో డాక్టరే రాసినాడు కదా" అంటుంది మా అమ్మ. మూడో బిడ్డకు వచ్చిన జబ్బే మొదటి ఇద్దరికీ ఉండిందని నేను ఎంత చెప్పినా, "అది నీ మాట, ఇది డాక్టరు మాట" అంటుంది. వేరే డబ్బీ ఒకటి నేత్రకు రహస్యంగా ఇచ్చాను. రెండింతలు వేస్తుందేమోనని దాన్నీ లాక్కున్నారు.

పోయిన నెల మా అమ్మ గౌరిబిదనూరులో బంధువుల గృహప్రవేశానికి పోయింది. తిత్తి నడుముకే ఉంది. అదే రోజు గూళూరులో బిడ్డకు జ్వరం తగిలింది. బాగేపల్లి మందుల అంగళ్ళలో ఈ మాత్ర దొరకదు, మేము బెంగళూరు నుంచి తెప్పించుకుంటాము. అమరేష్ బండి మీద గౌరిబిదనూరుకు పోయి తిరిగి వచ్చేసరికి రెండున్నర గంటలు. అంతసేపూ నేత్ర బిడ్డ బుగ్గ లోపల చక్కెర నీళ్ళతో తడుపుతూ కూర్చుంది. ఇక్కడికి తెచ్చాక నేను చూసిన అంకె ముప్పై నాలుగు. ఇంకొక గంట ఆలస్యమై ఉంటే, ఆ పూలగుత్తి ఇవ్వడానికి ఇంకొక బిడ్డను వెతుక్కోవలసి వచ్చేది.

అందుకే ఈ కాగితం. చదువుతాను. "చంద్రు, మంజునాథ అనే ఇద్దరు పిల్లల మరణానికి కారణం అడ్రినల్ గ్రంథి గ్రాహకంలో పుట్టుకతో వచ్చిన లోపం వల్ల రక్తంలో చక్కెర పడిపోవడమని ఇప్పుడు తేలింది. తల్లి పాలు పట్టిన తీరులో గాని, ఆహారం పెట్టడంలో గాని దోషం లేదు. అప్పటి పరీక్షల్లో మొదట వచ్చిన తక్కువ అంకెలను వైద్యులు నమ్మనందువల్ల నివేదికలో చేర్చలేదు." కింద నా సంతకం ఉంది. చిత్తు పుస్తకం పుటల నకళ్ళు జతచేశాను. హేమావతి సిస్టర్ సాక్షి సంతకం చేశారు. డాక్టరుగారి చోటు ఖాళీగా ఉంది. డాక్టరుగారూ, శాలువా అందుకున్న చేతులతో మీరు ఇది చేయాలని అడుగుతున్నాను. చేయకపోతే ఎందుకు చేయరో ఈ మైకులో చెప్పాలని కూడా అడుగుతున్నాను.

(డాక్టర్ వెంకటరాయప్పగారు లేచి కాగితం అందుకున్నారు. జేబులోంచి కలం తీసి మొదటి పుట మీద సంతకం చేశారు.)

"ఇంతేనా పురుషోత్తం? చంద్రు సంగతి నాదే తప్పు. ఆ పొద్దు నేను నోరు పారేసుకొనుంటాను. ముందే అడిగింటే ముందే చేసిచ్చేవాణ్ణి కదప్పా."

విన్నారు కదా. మైకు ఆయన దగ్గర లేదు కాబట్టి వెనుక వరసలకు నేను చెబుతున్నాను: ముందే అడిగి ఉంటే ముందే చేసి ఇచ్చేవారట. నాలుగు సెకన్లు పట్టింది. నేను దీని కోసం ఎన్ని ఉపన్యాసాలు మనసులో రాసుకున్నానో, ఆయన కాదంటే ఏమి అనాలో, రెండోసారి కాదంటే ఏమి అనాలో...

"ఉండప్పా, రెండో పుట ఇంకా చెయ్యలేదు. ఇది చూడు. మంజునాథ అప్పుడు ఈ ముప్పై ఒకటి నువ్వు నాకు ఫోను చేసి చెప్పినావా?"



లేదు.

"నమ్మనందువల్ల అని రాసినావు. నాకు చెప్పనిదాన్ని నేను యాడ నమ్మకపోయినానప్పా?"

లేదు, డాక్టరుగారూ. చెప్పలేదు. అధ్యక్షులవారూ, నాకింకా కొంత సమయం కావాలి. ఇది నా కాగితంలో లేదు.

ముప్పై ఒకటి వచ్చింది. ఫోను చేతిలోకి తీసుకున్నాను. సూది గోడకు గుచ్చినావా అన్న మాట చెవిలో వినబడింది. ఫోను పెట్టేశాను. డ్రిప్ ఎక్కేదాకా నా అంతట నేనే ఆగాను. రెండోసారి రక్తం తీయమని హేమావతి సిస్టర్‌కు చెప్పింది నేను. డాక్టరుగారు అడిగారని అబద్ధం చెప్పాను. సిస్టర్, మీకు ఈ రోజు దాకా తెలియదు. మన్నించండి. నూట రెండు సిరాతో రాసి, నాకు మాట పడకుండా చేసుకున్నాను. చంద్రు విషయంలో ఆయన నన్ను నమ్మలేదు. మంజు విషయంలో ఆయనకు నమ్మే అవకాశమే నేను ఇవ్వలేదు. ఆ ముప్పై ఒకటి ఆయన చూసి ఉంటే, రెండో బిడ్డ, అదే తల్లి, అదే తక్కువ అంకె అని ఆయనకు తట్టేదేమో. ఒక్క నిమిషంలో లేచిన మనిషి అప్పుడూ లేచేవాడేమో. ఇన్నేళ్ళూ నేను ఆయన మీద కోపం పెంచుకున్నది, ఈ రెండోదాన్ని మొదటిదాని కింద దాచడానికి. ఇన్నాళ్ళూ సంతకం అడగలేదు ఎందుకంటే, అడిగితే ఆయన రెండో పుట చదువుతారని.

ఆ చివరి వాక్యాన్ని కొట్టేస్తున్నాను. "మొదటి అంకెను డాక్టరు నమ్మలేదు; రెండోదాన్ని టెక్నీషియన్ చెప్పలేదు." సిరాతోనే రాస్తున్నాను. ఇప్పుడు చేయండి.

(డాక్టరుగారు రెండో పుట మీద సంతకం చేశారు. మూడో వరస నుంచి మునివెంకటమ్మ లేచి నిలబడింది.)

"ఏమిరా పురుషోత్తం! ఈ మాట పదేండ్లు యాడ పెట్టుకొనుంటివిరా?"

అమ్మా, కూర్చో.

"నేనేల కూచునేది? ఈ పిల్లను నేను ఎన్నెన్ని మాటలంటి. నువ్వు గోడకానుకొని విని, అన్నం తినేసి, చింతామణి బస్సెక్కి పోతావుంటివి కదరా. కాగితం చదివి చెప్పినోనివి నువ్వే కదా. చదువుకున్నోడు చెప్పినాడు అనుకొంటి."

అవునమ్మా.

"ఆ డాక్టరు పరాయోడు. నువ్వు ఈ పిల్లను ఎత్తుకొని పెంచినోనివి."

(మునివెంకటమ్మ కూర్చుంది.)

పెద్దలు మన్నించాలి. సభను ఇక్కడికి తెచ్చినందుకు అధ్యక్షులవారు మన్నించాలి. డాక్టరుగారూ, ఈ రోజు మీకు శాలువా, పండ్లు, మెప్పు అందవలసిన రోజు. అందులో నా మురికి కలిపాను. మీరు సంతకం చేయరని అనుకున్నాను. చేయకపోతే నాకు సుఖంగా ఉండేది. మీరు చేశారు. మీ పదవీ విరమణ జీవితం ప్రశాంతంగా సాగాలని కోరుకుంటున్నాను, ఈ మాట మర్యాద కోసం అనడం లేదు. మా ల్యాబులోని మిగతా పిల్లలకు ఒక్క మాట: డాక్టరు నమ్మినా నమ్మకపోయినా, వచ్చిన అంకె రిజిస్టరులో రాయండి, సమయం వేయండి, ఫోను చేయండి. తిట్టితే తిట్టించుకోండి. ఆ చిత్తు పుస్తకం రేపటి నుంచి ఉండదు. నేను ఉంటానో లేదో ట్రస్టువారు నిర్ణయిస్తారు. ఏ నిర్ణయమైనా నాకు సమ్మతమే.

అమ్మా నేత్రా, నిన్ను క్షమాపణ అడగడానికి నేను కొన్ని వాక్యాలు...

(నేత్ర లేచింది. అత్త ముందు చెయ్యి చాపింది. మునివెంకటమ్మ తిత్తి విప్పి మాత్రల డబ్బీ ఆమె చేతిలో పెట్టింది. నేత్ర వినుతను చంకనెత్తుకొని వరసలోంచి బయటికి నడిచింది.)

"నేత్రా, మీ పెద్దమామ ఏమో చెప్తాండాడు, వినిపోవే" అని ఎవరో అంటున్నారు. ఆమెను ఆపకండి. నేత్ర ఏమందో మీకు వినబడకపోతే నేను చెబుతాను, నాకు బాగా వినబడింది. "ఐదయింది, బిడ్డకు నీళ్ళు కావల్ల" అంది. నా వైపు చూడలేదు. పిళ్ళప్పన్నా, తలుపు దగ్గర కొంచెం దారి ఇవ్వండి. నీళ్ళ క్యాను మెట్ల కింద ఉందని చెప్పండి.

నా మాటలు ఓపికగా విన్న మీకు, వినకుండా వెళ్ళిపోయిన ఆమెకు కృతజ్ఞతలు. సెలవు.